ఆట పిల్లలది, అరుపులు మనవి

మొన్న ఆదివారం మా పాప టీమ్ 7–1తో ఓడిపోయింది. పాపకి ఏడేళ్లు, హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరి టర్ఫ్‌లో ఫుట్‌బాల్ నేర్చుకుంటోంది. ఏడుస్తుందేమో, ఎలా సముదాయించాలా అని నేను మాటలు వెతుక్కుంటుంటే, నీళ్ల బాటిల్ కోసం పరుగెత్తుకొచ్చి "నాన్నా, కార్నర్ నేనే కొట్టా, చూశావా?" అంది. స్కోరు దానికి సరిగ్గా గుర్తు కూడా లేదు. నాకు మాత్రం ఏడు గోల్సూ ఎవరి వల్ల పడ్డాయో వరసగా గుర్తున్నాయి.

అందులో ఒకటి నా వల్లే పడింది. బంతి పాప దగ్గరికి వస్తుండగా నెట్ బయట నుంచి "పాస్ ఇవ్వు, పాస్ ఇవ్వు" అని అరిచాను. అది ఆగి నా వైపు చూసింది, బంతి పక్కనుంచి దొర్లుకుంటూ పోయింది. నా పక్కన నిలబడ్డాయన "వెనక్కి రా" అంటున్నాడు, ఆయన భార్య "ముందుకెళ్లు" అంటోంది, కోచ్ ఇంకేదో చెబుతున్నాడు. ఇన్ని గొంతులు వింటూ ఏ పిల్ల ఆడుతుంది?

మనం ఇలా తయారవడానికి నా లెక్కలో మొదటి కారణం ఫీజు. డబ్బు కట్టాక రిజల్ట్ అడగడం ట్యూషన్ల దగ్గరే అలవాటైపోయింది, గ్రౌండ్‌కి వచ్చినా అది పోదు. రెండోది పతకాల కల. 2012 లండన్‌లో సైనా కంచు, 2016 రియోలో సింధు వెండి తెచ్చాక ఈ ఊళ్లో ఏ పిల్ల రాకెట్ పట్టుకున్నా ఇంట్లోవాళ్లకు పోడియమే కనిపిస్తోంది. సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు, ఆటంటే ఏమిటో తెలిసిన ఇల్లు అది. నేనైతే డిగ్రీ అయ్యాక బంతి ముట్టుకున్నది లేదు, సలహాలకు మాత్రం లోటు లేదు.

నార్వేలో పిల్లల ఆటలకు రాసిపెట్టుకున్న నియమాలున్నాయి. పదకొండో ఏడు వచ్చేదాకా పాయింట్ల పట్టికలు, ర్యాంకులు ఉండవు, పదమూడో ఏడు వచ్చేదాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండవు. మన హైదరాబాద్ కంటే తక్కువ జనాభా ఉన్న ఆ దేశం 2018 ప్యాంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్‌లో 39 పతకాలతో అందరికంటే పైన నిలిచింది. పతకాల లెక్క చెబితే తప్ప మన పేరెంట్స్ వినరని ఇది చెబుతున్నా గానీ, ఒక్క పతకం రాకపోయినా ఆ నియమం సరైనదే అంటాను.

అంత దూరం ఎందుకు, సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ ఆయనే. స్కూల్ టీచర్‌గా పనిచేసినవాడు, భారత ఫుట్‌బాల్ జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్లిన కోచ్. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్లతో తోసుకుంటూ పోవడం, చేయకూడదనే టోర్నీలు, అలవాటు లేని కాలితోనే ఆడాలనే టోర్నీలు ఆయన పెట్టించేవాడని చెబుతారు. ఆడేవాళ్లు తడబడతారని తెలిసే పెట్టిన పోటీలన్నమాట. ఇవాళ ఏడేళ్ల పిల్ల ఎడమ కాలితో తన్నబోతే చాలు, బయట నుంచి "కుడికాలు, కుడికాలు" అని మనమే మొదలుపెడతాం.

గెలుపు ముఖ్యం కాదా అంటే ముఖ్యమే. పిల్లలకూ గెలవడం ఇష్టమే, ఆ ఒక్క గోల్ కొట్టినప్పుడు మావాళ్ల కేకలు వీధి చివరిదాకా వినబడి ఉంటాయి. కాకపోతే వాళ్ల టెన్షన్ ఆఖరి విజిల్‌తో అయిపోతుంది, మనది కారెక్కుతుంది. బెల్టు పెట్టుకుని కూర్చున్న పిల్ల ఎక్కడికీ పోలేదు కదా, ఇరవై నిమిషాలు ఏకధాటిగా "అక్కడ ఎందుకు ఆగావు, అలా ఎందుకు తన్నావు" అని నేనూ చాలా ఆదివారాలు చేశాను.

ఈసారి నోరు మూసుకుని బండి నడిపాను. అప్పుడు తెలిసింది, దానికి టీమ్‌లో బాగా నచ్చేది అందరికీ ఒకే రంగు జెర్సీ ఉండటమట, కోచ్ సార్ అందరికీ ముద్దుపేర్లు పెట్టడమట. వచ్చే ఆదివారం మళ్లీ ఆ 7–1 టీమ్‌తోనే మ్యాచ్. ఆ మాట వినగానే నా మొహం మాడింది. పాప మాత్రం "భలే భలే, వాళ్ల గోల్‌కీపర్ నా ఫ్రెండ్ అయిపోయింది నాన్నా" అంది.