గాలిలోకి వదిలే ముందు

ఒక ప్రాంతపు జనం కోసం, వాళ్లతోనే నడిచే చిన్న స్టేషను కమ్యూనిటీ రేడియో. దాన్ని నడిపే అవకాశం 2006లో స్వచ్ఛంద సంస్థలకూ దక్కింది. 100 వాట్ల ప్రసార శక్తి, 30 మీటర్ల యాంటెన్నా ఉంటే మైదానంలో పది పదిహేను కిలోమీటర్లు వినబడుతుంది. ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కొండ అడ్డొస్తే అదీ తగ్గుతుంది. పరికరాల సంగతి ఇంతే. డబ్బుంటే కొనుక్కోవచ్చు, తెలిసినవాళ్లు వచ్చి బిగించి వెళ్తారు. ఆ తర్వాత మైకు ముందు కూర్చునేవాళ్లకు పని వచ్చా అన్నదే మా ప్రశ్న. ఈ ఆంధ్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉత్సాహానికి కొదవ లేదు. పాటల జాబితా సిద్ధమైతే కార్యక్రమం సిద్ధమైనట్టే అనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

మొదటి పాఠం శబ్దం. ఖాళీ గోడల గదిలో మాట్లాడితే బావిలోంచి మాట్లాడినట్టుంటుంది. గోడలకు మందపాటి దుప్పట్లు, నేల మీద జంపఖానా వేస్తే సగం బాధ తీరుతుంది. ఫ్యాను ఆపాలి. మైకు జానెడు దూరంలో, నోటికి సూటిగా కాక కాస్త పక్కకు ఉండాలి. లేకపోతే ‘ప’, ‘భ’ పలికినప్పుడల్లా గాలి దెబ్బ వినబడుతుంది. శబ్దం స్థాయి చూపే మీటరు మీద మాట మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. పరికరం పట్టగల గరిష్ఠ హద్దు సున్నా, దాన్ని తాకి చిట్లిన గొంతును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. తగ్గి వచ్చినదాన్ని పెంచుకోవచ్చు, కొంచెం బుస వస్తుందంతే. ఊళ్లో ఇంటర్వ్యూ అయ్యాక అర నిమిషం అందరూ మౌనంగా ఉండి ఆ చోటి నిశ్శబ్దాన్నీ పట్టుకోవాలి. ఎడిటింగులో కోతల మధ్య అతకడానికి అదే కావాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకోకుండా రికార్డు చేసేవాళ్లను ఊళ్లకు పంపకపోవడమే మేలు.

రెండోది రాత. పత్రిక చదివేవారు వెనక్కి వెళ్లి చూసుకోగలరు, శ్రోతకు ఆ వీలు లేదు. వాక్యానికి ఒక్క సంగతి చాలు. ఎవరన్నారో ముందు చెప్పి, ఏమన్నారో తర్వాత చెప్పాలి. నిమిషానికి ఇన్ని మాటలన్న ఇంగ్లీషు లెక్క పొడుగు మాటల తెలుగుకు కుదరదు. పైకి చదువుతూ గడియారం చూసుకోవడమే కొలత.

బరంపురం నుంచి రాయగడ దాకా తెలుగు, ఒడియా ఒకే వీధిలో వినబడతాయి. కొండ ఊళ్లలో సవర, కువి భాషలున్నాయి. అందరినీ మెప్పించాలని వాక్యానికో భాష మార్చే యాంకర్ల వల్ల ఎవరికీ సగం మించి అందదు. భాషకో పావుగంట, రోజూ అదే వేళకు ఇవ్వాలి. వేళ మారిందంటే శ్రోత పోయినట్టే. తెలుగు కూడా ఇక్కడి ఉత్తరాంధ్ర పలుకుబడిలోనే ఉండాలి. విజయవాడ వార్తల గొంతును అనుకరించడం దేనికో మాకు అర్థం కాదు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతోనే తయారవ్వాలని నిబంధనలే చెబుతున్నాయి.

ఈ పునాది ఎంత గట్టిదో తుపాను రోజున తేలుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఒడిశాలోని గజపతి జిల్లాలో వరదలు వచ్చాయి, కొండచరియలు విరిగిపడ్డాయి. అలాంటి రోజున కరెంటు, ఫోన్లు పోయినా బ్యాటరీ రేడియో పలుకుతుంది, స్టేషను పలికితే. అందుకే గొంతులను, పాటలను కలిపే మిక్సరుకు, ట్రాన్స్‌మిటరుకు ఇన్వర్టరు ఉండాలి, దాని మీద ఎన్ని గంటలు నడుస్తుందో ముందే పరీక్షించి ఉండాలి.

హెచ్చరిక రాయడంలో తరచూ జరిగే పొరపాటు ‘రేపు సాయంత్రం’ అనడం. బుధవారం రికార్డు చేసింది గురువారం మళ్లీ వేస్తే ప్రమాదం ఒక రోజు ఆలస్యంగా వస్తుందని శ్రోత అనుకుంటాడు. వారం, తేదీ, గంట చెప్పాలి. వాతావరణ శాఖ బులెటిన్ ఏ గంటకు వెలువడిందో కూడా చెప్పాలి. కొత్తది రాగానే పాతదాన్ని కంప్యూటరు ప్లేలిస్టులోంచి తీసేయాలి, లేకపోతే అర్ధరాత్రి దానంతటదే మోగుతుంది. గాలి వేగం ఒక్కటే చెబితే ఊళ్లో ఎవరికీ ఉపయోగం లేదు. ఎవరు, ఎన్ని గంటల లోపు, ఏ బడికి లేదా ఏ ఆశ్రయ కేంద్రానికి చేరాలో చెప్పాలి. గాలి ఉన్నట్టుండి ఆగితే అది తుపాను కన్ను కావచ్చు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది, బయటికి రావొద్దు అన్న మాట ప్రతి హెచ్చరికలోనూ ఉండాలి. రేడియో తరఫున సొంత అంచనాలు కలపకూడదు.

ఇవన్నీ ఆ రాత్రి కూర్చుని రాసేవి కావు. అక్టోబరుకు ముందే ప్రతి స్టేషనూ తెలుగులోనూ ఒడియాలోనూ ఒక్కో నిమిషం నమూనా హెచ్చరిక రాసుకోవాలి. తేదీ, గంట, ఊరి పేరు, ఆశ్రయ కేంద్రం అన్న నాలుగు చోట్ల ఖాళీలు వదిలి పెద్ద అక్షరాల్లో అచ్చువేసి మైకు పక్కన అంటించాలి. వంతు మీద వచ్చే ప్రతి యాంకరుతోనూ నెలకోసారి, కరెంటు తీసేసి, దాన్ని చదివించాలి.