పిల్లలకు ‘మీరు’ నేర్పేటప్పుడు ఎవరిని వదిలేస్తున్నాం?

మా పాపకు నాలుగేళ్లు. వాళ్లమ్మది కోనసీమ. అక్కడ పెద్దవాళ్లతో మాట్లాడితే ప్రతి మాట చివరా ‘అండి’ పడాల్సిందే. నాది జగిత్యాల వైపు. మా దగ్గర కన్నతండ్రినైనా ‘బాపూ, తిన్నవా?’ అనే అడుగుతాం. నోరారా వరస పెట్టి పిలవడమే మాకు మర్యాద. అమలాపురం తాతయ్య ‘మీరు అనాలమ్మా’ అని దిద్దుతారు. అదే ‘మీరు’ మా అమ్మతో అంటే ‘నేనేమన్న పరాయిదాన్నా బిడ్డా?’ అని చిన్నబుచ్చుకుంటుంది. ఇక బడిలో థాంక్యూ, సారీ, ప్లీజ్.

పండక్కి రెండు వైపులా కలిస్తే ఈ విషయం మీద మాటామాటా వస్తుంది. ఆ టెన్షన్ నాకు లేదు. ఎవరి దగ్గర ఏ మాట వాడాలో పిల్లలు ఇట్టే పట్టేస్తారు. నన్ను కలవరపెట్టింది వేరే.

ఓ రోజు పాప మా ఇంట్లో వంట చేసే ఆవిడను పేరు పెట్టి పిలిచి ‘నీళ్లు తే’ అంది. ఆవిడకు యాభై దాటాయి. పాపను ఎవరూ దిద్దలేదు. కోనసీమ వాళ్లూ దిద్దలేదు, జగిత్యాల వాళ్లూ దిద్దలేదు. మర్యాద గురించి ఏ ఒక్క విషయంలోనూ కుదరని రెండు కుటుంబాలకు ఇక్కడ మాత్రం పేచీ రాలేదు.

తెలుగులో మనిషి స్థాయి క్రియలో, సర్వనామంలోనే కనిపిస్తుంది. రా, రండి. వాడు, అతను, ఆయన, వారు. ‘నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది’ అని పిల్లలు అలవోకగా అంటారు. ఆవు వచ్చినా ‘వచ్చింది’ అనే అంటాం. అక్షరాలు రాకముందే ఎవరు పైన, ఎవరు కింద అన్నది పిల్లలకు వచ్చేస్తుంది. మన ఊళ్లలో తలనెరిసిన దళితుణ్ని పదేళ్ల పిల్లాడు ‘ఒరేయ్’ అంటే ఆయన ‘అయ్యా’ అని బదులు పలికిన రోజులు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పిల్లాడిది మంచి మర్యాద తెలిసిన ఇల్లే.

‘పసిదాని మీద ఇంత బరువెందుకు, ప్రేమ ముఖ్యం గానీ పిలుపుదేముంది, నువ్వు అంటేనే ఇంటి మనిషిలా ఉంటుంది’ అంటారు కొందరు. మా అమ్మ దగ్గర ఆ మాట నిజమే. కానీ వంట చేసే ఆవిడ తిరిగి ఇంటి యజమానిని ‘నువ్వు’ అనగలరా? అనలేనప్పుడు అది చనువెలా అవుతుంది?

ఇది వంటింట్లోనే ఆగదు. పోలీసులు జనాన్ని ‘ఎడా’, ‘ఎడీ’, ‘నీ’ (మలయాళంలో ఒరేయ్, ఒసేయ్, నువ్వు లాంటివి) అనకూడదని 2021లో కేరళ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత అక్కడి డీజీపీ సర్క్యులర్ కూడా ఇచ్చారు. మన స్టేషన్లలో, తహసీల్దార్ ఆఫీసుల్లో, సర్కారు దవాఖానాల్లో ఇస్త్రీ చొక్కాకు ‘కూర్చోండి సార్’, లుంగీకి ‘ఏం కావాలి నీకు?’ ఎదురవుతాయి. ఆ ఉద్యోగికి మర్యాద తెలియదని నేననుకోను. తన ఇంటి పెద్దలకు వంగి దండం పెట్టే మనిషే అయ్యుంటాడు. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వక్కర్లేదు అన్నది నాలుగేళ్లప్పుడే నేర్చుకున్నాడు. ఎన్ని సర్క్యులర్లిచ్చినా అది అంత తేలిగ్గా పోదు.

అందుకే మా ఇంట్లో ముందు పెద్దవాళ్లం మారాం. ఆవిడను పేరు పెట్టి పిలవడం మానేసి ‘అమ్మా, మీరు’ అన్నాం. మొదట్లో ఆవిడే ఇబ్బంది పడ్డారు. పాప వారంలోనే ‘పెద్దమ్మా, నీళ్లు ఇస్తారా?’ అంది. అది విని మా అమ్మకు కోపమొచ్చింది. ‘నాకు నువ్వు, ఆమెకు మీరా?’ అంది. ‘నిన్ను నువ్వనడం నువ్వు కోరుకున్నదే కదమ్మా, ఆవిడను ఎవరు అడిగారు?’ అన్నాను. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. తన దగ్గర పాప ‘నువ్వు’ అనే అంటుంది, అది అలాగే ఉంటుంది. వంట చేసే పెద్దమ్మ విషయంలో మాత్రం నేను తగ్గను.