శాలువాతో సరిపెట్టకండి

వార్షికోత్సవం వస్తే బడికి ఒక కళాకారుణ్ణి పిలుస్తారు. గంటసేపు ప్రదర్శన, ఒక శాలువా, జ్ఞాపిక, ఫొటో. చాలాచోట్ల దారి ఖర్చులు ఆయనవే, ఆ రోజు పోయిన కూలీ ఆయనదే. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో బడికీ కళాకారుడికీ మధ్య బంధం ఎక్కువగా అక్కడితోనే ఆగిపోతోంది. ఇది మారాలి. కళాకారుణ్ణి కనీసం ఒక టర్ము పాటు వేతనమిచ్చి బడిలోకి తీసుకోవాలి. పాఠం చెప్పే ఉపాధ్యాయుడి పక్కన నిలబడి పనిచేసే అవకాశం ఆయనకు కల్పించాలి.

శ్రీకాళహస్తి తిరుపతికి నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడ కలంకారీ పనివారు ముతక నూలు బట్టను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి, ఆ ద్రావణంతో వెదురు కలం పట్టి గీస్తారు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలవగానే గీత నల్లగా తేలుతుంది. పాలలోని కొవ్వు దాన్ని చెదరనివ్వదు. పటిక పూసిన చోట ఎరుపు నిలుస్తుంది, పూయని చోట ఉతుకులో పోతుంది. పదో తరగతి పిల్లలు రసాయన చర్యల పాఠంలో తుప్పును నష్టంగానే చదువుతారు. అదే తుప్పు ఒక ఊరికి అన్నం పెడుతోందని వాళ్లకు ఎవరు చెప్పాలి? సైన్సు ఉపాధ్యాయుడు సమీకరణం రాస్తుంటే, కలంకారీ కళాకారుడో కళాకారిణో పక్కనే బట్ట మీద గీసి చూపిస్తే ఆ పాఠం పిల్లలు మరచిపోరు. కానీ బట్ట నానాలి, ఆరాలి, మళ్లీ ఉతకాలి. గంటలో అయ్యే పని కాదు. అందుకే టర్ము అంటున్నాం.

పలమనేరు టెర్రకోట, మాధవమాల కొయ్య శిల్పాలు, ధర్మరాజుల గుళ్లలో పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కే ఘట్టం, ఇవన్నీ మన పిల్లల ఇళ్ల పక్కనే ఉన్నాయి. సంప్రదాయ కళలకే ఆగిపోనక్కర్లేదు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయిన బోర్డు చిత్రకారుల కన్నా తెలుగు అక్షరం ఒంపును బాగా నేర్పగలవారు ఎందరున్నారు?

ఈ నేలకు ఇది కొత్త కూడా కాదు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని థియొసాఫికల్ కళాశాలకు వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. అక్కడే ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చారు, కళాశాల ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం రాశారు, విద్యార్థులు గొంతు కలిపారు. ఆయన శాలువా కప్పించుకుని సాయంత్రానికే వెళ్లిపోయి ఉంటే అది జరిగేదా?

చట్టం అడ్డు రావడం లేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందకు మించి పిల్లలున్న బడికి కళా విద్యలో పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని 2009 విద్యా హక్కు చట్టమే చెబుతోంది. ప్రతి బడిలో లేదా బడుల సముదాయంలో స్థానిక కళాకారులు ఉండి పనిచేసేలా చూడాలని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది. కొరత డబ్బు దగ్గర, అంతకుమించి పట్టుదల దగ్గర ఉంది. ఇంగ్లండ్‌లో 2002 నుంచి ప్రభుత్వ సొమ్ముతో ‘క్రియేటివ్ పార్ట్‌నర్‌షిప్స్’ పేరిట ఇలాంటి పథకాన్నే పెద్ద ఎత్తున నడిపారు. నిధులు ఆపేయడంతో 2011లో అది ముగిసిపోయింది. కాబట్టి మనం దీన్ని ప్రత్యేక పథకంగా కాక, బడి మామూలు ఖర్చుల పద్దులోనే చేర్చాలి. శ్రీసిటీ పరిశ్రమలు తమ సామాజిక బాధ్యత నిధుల నుంచి రంగులకు, బట్టకు, బస్సుకు ఇవ్వవచ్చు. కళాకారుడి వేతనం మాత్రం ప్రభుత్వమే ఇవ్వాలి.

ఉపాధ్యాయుల భయం మాకు తెలుసు. సిలబస్ పూర్తికాకపోతే ప్రశ్నించేది వాళ్లనే. కలం పట్టడంలో ఆరితేరిన మనిషికి నలభై మంది పిల్లలను కూర్చోబెట్టడం రాకపోవచ్చు. అందుకే మొదటి తరగతికి ముందు ఇద్దరూ కలిసి కూర్చుని పాఠం సిద్ధం చేసుకునే రోజులకూ జీతం లెక్కగట్టాలి. కళాకారుడు తరగతిలో ఉన్నంతసేపూ ఉపాధ్యాయుడు అక్కడే ఉండాలి. పిల్లల భద్రతకూ అది అవసరం.

తిరుమల తిరుపతి దేవస్థానం ఈ పని రేపే మొదలుపెట్టగలదు. బడులు, సంగీత నృత్య కళాశాల, సంప్రదాయ శిల్ప విద్యాలయం మూడూ దాని చేతిలోనే, ఒకే నగరంలో ఉన్నాయి. మిగతా బడుల కోసం రెండు జిల్లాల కలెక్టర్లు విద్యాశాఖతో కలిసి ఏప్రిల్‌లోగా మండలాల వారీగా కళాకారుల జాబితా సిద్ధం చేయించాలి. రోజుకు ఎంత ఇస్తారో అందులోనే రాయాలి. జూన్‌లో బడులు తెరిచే నాటికి ఒప్పంద పత్రాలు కళాకారుల చేతికి అందాలి.