కత్తెరకు దొరకని ప్రేమకథ

1932లో పారమౌంట్ సంస్థ విడుదల చేసిన 'ట్రబుల్ ఇన్ ప్యారడైజ్' సినిమా వెనిస్ నగరంలో, రాత్రివేళ, పడవలో పాడుకుంటూ పోయే మనిషితో మొదలవుతుంది. ఆ పడవ నిండా ఉన్నది మాత్రం ఊరి చెత్త. ప్రేమకథ ముసుగు వెనక ఏముందో తీసి చూపించడమే తన పని అని దర్శకుడు ఎర్నెస్ట్ లూబిష్ మొదట్లోనే చెప్పేశాడు.

బ్యారన్ అనే ప్రభువునని చెప్పుకునే గాస్టన్, కౌంటెస్ అనే దొరసానినని చెప్పుకునే లిలీ ఇద్దరూ నిజానికి దొంగలే. ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ అతడి పర్సు, గడియారం ఆమె కొట్టేస్తే, ఆమె నగను అతడు కాజేస్తాడు. గుట్టు బయటపడ్డాక వారికి కోపం రాదు సరికదా, తనకు సాటివచ్చే మనిషి దొరికినందుకు ఇద్దరూ పొంగిపోతారు. వీరి కన్ను ప్యారిస్‌లో సుగంధద్రవ్యాల సంస్థ యజమానురాలైన మరియెట్ మీద పడుతుంది. ఆర్థిక మాంద్యం అమెరికాను పీడిస్తున్న రోజుల్లో తీసిన ఈ సినిమాలో ఆమె చేతిసంచీ ఒక్కటే 1,25,000 ఫ్రాంకులు. అయితే ఆమెను ఏళ్ల తరబడి దోచుకుంటున్నది సంస్థ వ్యవహారాలు చూసే పెద్దమనిషే. ఆ సంగతి పసిగట్టినవాడు కార్యదర్శి వేషంలో ఇంట్లో చేరిన దొంగ. పెద్దమనిషిని వదిలేసి చిల్లర దొంగ కోసం పోలీసులను పిలిచే లోకరీతి మీద లూబిష్ విసిరిన ఈ వ్యంగ్యం నాకు ఇందులోని ప్రేమ సన్నివేశాలకంటే పదునుగా కనిపిస్తుంది. (మరియెట్ కోసం పోటీపడే ఇద్దరు ముదురు వరుల కీచులాట మాత్రం కాస్త సాగింది.)

సినిమాకు మాట కొత్తగా వచ్చిన రోజులవి. మైక్‌కు అందేంత దూరంలో నటులను నిలబెట్టి, మాట్లాడే నోటినే కెమెరాతో చూపించడం చాలామందికి అలవాటైపోయింది. లూబిష్ ఆ బంధాన్ని తెంచాడు. గాస్టన్, మరియెట్ దగ్గరయ్యే సాయంత్రాన్ని చూపించడానికి అతడు తెర మీద నిలిపింది గడియారాలను. ముల్లు అయిదు గంటల నుంచి అర్ధరాత్రి వైపు కదులుతుంటే మనకు వినిపించేవి గొంతులు మాత్రమే. మూకీ యుగంలోనే బెర్లిన్‌లో, ఆపై హాలీవుడ్‌లో బొమ్మతోనే కథ చెప్పడం సాధించినవాడు కాబట్టి, మాట వచ్చాక బొమ్మకు విశ్రాంతి ఎక్కడ ఇవ్వాలో అతడికి తెలిసింది.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. తెర మీద ఏం చూపకూడదో చెబుతూ 1930లో రాసుకున్న నిర్మాణ నియమావళిని హాలీవుడ్ 1934 నుంచి కఠినంగా అమలుచేసింది. అభ్యంతరకరమైన దృశ్యముంటే కత్తిరించి సినిమాను విడుదల చేసుకోవచ్చు. కానీ ఇందులో కత్తిరించడానికి ముద్దుకు మించి తెర మీద జరిగేది ఏమీ లేదు, జరిగినదంతా ప్రేక్షకుడి ఊహలోనే ఉంది. పైగా నేరానికి శిక్ష పడాలన్న నియమానికి విరుద్ధంగా దొంగలిద్దరూ ముత్యాల హారంతో, లక్ష ఫ్రాంకులతో హాయిగా వెళ్లిపోతారు. 1935లో మళ్లీ విడుదల చేస్తామన్న పారమౌంట్ అభ్యర్థనను నియమావళి అధికారులు తోసిపుచ్చారు; 1943లో ఇదే కథను సంగీతభరితంగా తీయాలన్న ఆలోచనకూ అనుమతి దొరకలేదు. ఆ నియమావళికి కాలం చెల్లిన 1968లో గానీ ఈ సినిమా మళ్లీ ప్రేక్షకుల ముందుకు రాలేదు.