కాలేజీ ఫుట్‌బాల్ నియమ గ్రంథం వారికి ఒక చారల చొక్కా మనవి

మహారాజశ్రీ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ నియమ గ్రంథం వారి సముఖానికి, శుక్రవారం రాత్రుళ్ళు టెక్సాస్ హైస్కూలు మైదానాలలో చారల చొక్కా తొడుక్కుని, ఈల ఒకటీ, తప్పు కనబడితే విసిరే పసుపు ఫ్లాగు ఒకటీ దగ్గర పెట్టుకుని పరుగెత్తే ఒక సామాన్య అఫీషియల్, అనగా మైదానంలో తీర్పరి, నమస్కరించి వ్రాసుకొన్న మనవి. ఉభయ కుశలోపరి. నా కుశలం ఎటూ తమరి చేతిలోనే ఉన్నది. తమరి కుశలానికి లోటు వచ్చే అవకాశం లేదు, ఎందుకంటే ఏటేటా తమరు ఒళ్ళు చేస్తూనే ఉన్నారు.

హైస్కూలు ఆటలో ఈల ఊదేవాడికి కాలేజీ గ్రంథంతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. తక్కిన రాష్ట్రాలలో దాదాపు అన్నీ హైస్కూళ్ళ జాతీయ సమాఖ్య ప్రచురించే పుస్తకాన్ని అనుసరిస్తాయి. టెక్సాస్ ప్రభుత్వ పాఠశాలలు మాత్రం కొద్దిపాటి మినహాయింపులతో తమరినే నెత్తిన పెట్టుకున్నాయి. అందువల్ల లక్షమంది కూర్చునే స్టేడియాలలో, రీప్లే గదులు వెనక ఉండి, ఎనిమిదిమంది అఫీషియల్స్ కలిసి అమలు చేసే శాస్త్రాన్ని, పగలు మందుల దుకాణంలో పనిచేసి సాయంత్రం మైదానానికి పరుగెత్తే నాబోటివాడు, ఇంకా మీసాలు సరిగా రాని పిల్లల మీద అమలు చేయవలసి వస్తున్నది. పోనీ, మందుల డబ్బాలో మడతపెట్టి పెట్టే సన్న అక్షరాల కాగితం చదివి చదివి అలవాటైన కళ్ళు గనుక తమరిని తట్టుకుంటున్నాయి.

తమరిలో నియమాలు పన్నెండే అని విని మొదట మోసపోని వాడు లేడు. రెండో నియమం మొత్తం నిర్వచనాలే. బంతిని పట్టుకోవడమంటే ఏమిటో ఉగ్గుపాలు తాగే బిడ్డకు కూడా తెలుసును, తమరి దగ్గరకు వస్తే మాత్రం తెలియకుండా పోతుంది. బంతి నేలను తాకకముందే చేతితో గట్టిగా అదుపులోకి తీసుకోవాలి, ఒంట్లో ఏదో ఒక భాగం హద్దుల లోపల నేలను తాకాలి, ఆ పైన ఆటలో సహజంగా చేసే పని ఏదైనా చేయగలిగినంత సేపు ఆ అదుపు నిలవాలి. ఇక బంతి చేతిలోకి వచ్చి జారితే ఫంబుల్, చేతిలోకి రాకుండానే తగిలి జారితే మఫ్. చూసేవాడికి రెండూ పచ్చిక మీద దొర్లుతున్న ఒకే బంతి. పంట్, అంటే ఎదుటి జట్టుకు వదిలేస్తూ దూరంగా తన్నిన బంతి, అందుకోబోయినవాడు బంతిని మఫ్ చేస్తే తన్నిన జట్టు దానిని ఎత్తుకోవచ్చును గానీ ఒక్క అడుగు ముందుకు వేయరాదు. అతడే పట్టుకుని ఆ తరువాత ఫంబుల్ చేస్తే ఎత్తుకుని గోల్ దాకా పరుగెత్తవచ్చును. ఆ తేడా అర సెకనులో తేల్చమంటారు. నియమం ఒకచోట, దానికి మినహాయింపు మరొక నియమంలో, ఆ మినహాయింపుకు మినహాయింపు ఉదాహరణలుగా చేర్చిన ఆమోదిత తీర్పులలో. సూత్రానికి అపవాదం వెతుక్కుంటూ రాత్రుళ్ళు దీపం కింద కూర్చున్న పాత వ్యాకరణ విద్యార్థికి కూడా ఇంత ప్రయాణం ఉండేది కాదేమో.

తప్పులను కూడా తమరు ఒక్క గాటన కట్టలేదు. ఫౌల్ అని ఒక జాతి, వయొలేషన్ అని మరొక జాతి. తన్నిన జట్టువాడు తాము తన్నిన బంతిని ఎదుటివారికన్నా ముందుగా ముట్టుకుంటే అది తప్పే, కానీ దానికి శిక్ష లేదు. అప్పుడు మేము ఫ్లాగు విసరము, గుర్తుకు చిన్న సంచి, బీన్‌బ్యాగు వేస్తాము. ప్రేక్షకులు రెంటికీ ఒకే విధంగా తిడతారు, వారిది సమదృష్టి.

అన్నిటికన్నా నాకు నచ్చేది, సందేహించడాన్ని కూడా తమరు మా ఇష్టానికి వదలకపోవడం. బంతిని పట్టాడా లేదా అని అనుమానం వస్తే పట్టలేదన్నట్టే. ముందుకు విసరబోతుండగా బంతి జారిందా, విసిరాడా అని అనుమానం వస్తే విసిరినట్టే. హెల్మెట్ శిఖరంతో ఎదుటివాడిని కుమ్మాడా అని అనుమానం వస్తే కుమ్మినట్టే. 2013 నుంచి ఆ కుమ్మినవాడు ఆటలోంచి బయటకు పోవలసిందే, అదీ రెండో సగంలో జరిగితే వచ్చే ఆటలో మొదటి సగం కూడా బెంచీ మీదనే అన్న శిక్ష ఏళ్ళ తరబడి నడిచింది. పద్దెనిమిదేళ్ళవాడిని ఇంటికి పంపే సందర్భంలో అనుమానపు లాభం ముద్దాయికి దక్కని న్యాయస్థానం తమరిదొక్కటే. అయితే ఈ ఒక్క విషయంలో నేను వ్యంగ్యం పక్కన పెడతాను. మెడలూ తలలూ కాపాడటానికి పెట్టిన కాఠిన్యం అది, ఉండవలసిందే.

ఇప్పుడు అసలు బాధకు వస్తాను. ఏటా మాకు పెట్టే పరీక్షలలో ఇలాంటి ప్రశ్న ఒకటి వస్తుంది. ఏ-జట్టుకు తన 30 గజాల గీత మీద నాలుగో డౌన్ (పది గజాలు సాగడానికి దొరికే నాలుగు ప్రయత్నాలలో చివరిది), ఇంకా 8 గజాలు కావాలి. పంట్ చేస్తుంది. బంతి గాలిలో ఉండగా బీ-44 (బీ-జట్టులో 44 నంబరువాడు) తన 40 గజాల గీత దగ్గర ఎదుటివాడిని చొక్కా పట్టి ఆపుతాడు. బీ-20 తన 25 దగ్గర బంతిని అందుకుని 35 దాకా తెస్తుండగా ఏ-55 అతని హెల్మెట్ ముందరి కడ్డీ పట్టి మెలితిప్పుతాడు. రెండు జట్లూ తప్పు చేశాయి గనుక చెల్లుకు చెల్లు, డౌన్ మళ్ళీ ఆడించమని లోకజ్ఞానం చెబుతుంది. కాదు. బీ-జట్టు చేసిన తప్పు కిక్ సమయంలో చేసినది, బంతి ఎటూ తనకే దక్కబోతున్నది, కాబట్టి ఆ జట్టు చెల్లుకు చెల్లును కాదనవచ్చును. కాదంటే కిక్ ముగిసిన 25 నుంచి పది గజాలు వెనక్కి, అంటే 15 గజాల గీత మీద, బంతి తనదే. కడ్డీ పట్టి లాగినందుకు రావలసిన పదిహేను గజాలు గాలిలో కలిసిపోతాయి.

కాగితం మీద ఇది అందంగా ఉంటుంది. కానీ మైదానంలో ఇది వివరించవలసింది మెడ పట్టుకుని కింద పడి ఉన్న కుర్రవాడి కోచ్‌కు. "మావాడి మెడ వాళ్ళు విరిస్తే పది గజాల శిక్ష మాకా?" అని ఆయన అడిగే ప్రశ్న తర్కానికి నిలుస్తుంది, తమరికి నిలవదు. నిబంధన ఫలానా, సెక్షన్ ఫలానా అని నేను మొదలుపెట్టే లోపల వెనక బెంచీల నుంచి ఎవరి తండ్రో తీర్పు ప్రకటిస్తాడు. ఆయన తమరిని జన్మలో తెరిచి ఉండడు, అయినా ఆయనకు సందేహమన్నది లేదు.

తమరు ఇంత చిక్కుపడటానికి కారణం తమరు కాదని నేను ఎరుగుదును. తమరిలోని చాలా వాక్యాల వెనక ఒక గడుసువాడు నిలబడి ఉంటాడు. 2021 డిసెంబరులో ఏసీసీ అనే కాలేజీల కూటమి చాంపియన్‌షిప్ ఆటలో పిట్స్‌బర్గ్ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపేవాడు) కెనీ పికెట్ కాళ్ళు ముందుకు చాచి జారబోతున్నట్టు నటించాడు. అలా జారేవాడిని కొట్టరాదు గనుక డిఫెండర్లు మర్యాదగా ఆగిపోయారు. అతడు తిన్నగా గోల్ గీత దాటి టచ్‌డౌన్‌కు పోయాడు. రోజులు గడవకముందే, జారినట్టు నటించినా బంతి అక్కడే ఆగిపోయినట్టు అని తీర్పు వచ్చి చేరింది. 2024 అక్టోబరు 12న ఒహాయో స్టేట్‌తో ఆటలో, పది సెకన్లు మిగిలి ఉండగా పదకొండుమందికి మించరాదన్నా ఒరెగాన్ పన్నెండోవాడిని మైదానంలో నిలబెట్టింది. శిక్ష అయిదు గజాలే, కానీ ఆ డౌన్‌లో నాలుగు సెకన్లు కరిగిపోయాయి, అవి తిరిగి రాలేదు. ఒరెగాన్ 32-31తో గెలిచింది. అది పొరపాటున జరిగినది కాదని ఆ తరువాత వారి కోచ్ మాటల తీరుతోనే అందరికీ అర్థమయింది. వారం తిరగకముందే, కరిగిన సెకన్లను వెనక్కి పెట్టించుకునే హక్కు ఎదుటి జట్టుకు ఇచ్చారు. 2018లో రెండు విశ్వవిద్యాలయాల జట్లు, టెక్సాస్ ఏ అండ్ ఎం, ఎల్‌ఎస్‌యూ ఏడు ఓవర్‌టైములు ఆడి 74-72 దగ్గర ఆగినందుకు ఓవర్‌టైము పద్ధతి మారింది, తరువాత మరొకసారి మారింది. ఇలా చూస్తే తమరు ధర్మశాస్త్రం కన్నా నేరస్థుల చరిత్రకే దగ్గర చుట్టం. దొంగ ముందు పోతాడు, తమరు వెనక తాళం వేస్తారు, ఆ తాళంచెవుల గుత్తి మాత్రం నా నడుముకు వేలాడుతుంది.

ఇంత విద్యకూ మా చేతికి తమవారు ఇచ్చిన పరికరం ఏమిటో ఒకసారి చిత్తగించండి. మణికట్టుకు ఒక పట్టీ, దానికి సాగే ఉంగరం ఒకటి. మొదటి డౌన్‌కు చూపుడువేలికి, రెండో డౌన్‌కు మధ్యవేలికి, అలా చిటికెన వేలిదాకా తగిలించుకుంటూ పోవాలి. నిర్వచనాలన్నీ కంఠస్థమైనవాడు నాలుగు దాకా లెక్కపెట్టలేడని తమరి లోకానికి అనుభవం మీద తెలిసింది. 1940లో డార్ట్‌మత్ మీద కార్నెల్ అయిదో డౌన్‌లో గెలిచింది. ఫిల్ము చూశాక కార్నెల్ ఆ విజయాన్ని తానుగా వదులుకున్నది. 1990లో మిజోరి మీద కొలరాడో కూడా అయిదో డౌన్‌లోనే 33-31తో గెలిచింది, గెలుపు ఉంచుకున్నది, ఆ ఏడాది జాతీయ కిరీటంలో వాటా కూడా పొందింది. అఫీషియల్స్ సస్పెండయ్యారు. పెద్దమనసుకు శిక్ష పడలేదు, గెలుపు దాచుకున్నందుకూ పడలేదు; పడింది వేళ్ళు లెక్కపెట్టినవారికే.

తమరి తొమ్మిదో నియమంలో ఒక మూల, ఈ పుస్తకంలో ఎక్కడా లేని అన్యాయం ఎవరైనా చేస్తే రిఫరీ తనకు న్యాయమని తోచిన శిక్ష ఏదైనా వేయవచ్చును, అవసరమైతే పాయింట్లు కూడా ఇప్పించవచ్చును అని ఉన్నది. మా డల్లాస్‌లోనే 1954 జనవరి 1న కాటన్ బౌల్ ఆటలో, రైస్ ఆటగాడు డికీ మేగిల్ ఎదురు లేకుండా పరుగెత్తుతుండగా అలబామా బెంచీ మీద కూర్చున్న టామీ లూయిస్ ఉండబట్టలేక లేచి మైదానంలోకి దూకి అతడిని పడగొట్టాడు. రిఫరీ క్లిఫ్ షా టచ్‌డౌన్ ఇచ్చాడు, 95 గజాల పరుగుగా లెక్క కట్టారు. స్టేడియంలో ఒక్కరికీ ఆ తీర్పు వివరించవలసిన పని పడలేదు. అది చదివినప్పుడల్లా తమరి తక్కిన పుటల మీద నాకు కొంచెం కోపం వస్తుంది.

కోపం వచ్చినా చదువుతూనే ఉన్నాను గనుక ఒక్క కోరిక కోరే అర్హత ఉన్నదనుకుంటాను. టచ్‌డౌన్ తరువాత వచ్చే అదనపు ప్రయత్నంలో సేఫ్టీ (బంతి ఉన్నవాడు తన ఎండ్ జోన్‌లోనే, అంటే తన గోల్ గీత వెనక భాగంలోనే, దొరికిపోవడం) జరిగితే ఒకే ఒక పాయింటు వస్తుందని తమరు రాసి ఉంచారు. 2004లో టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం ఆటలో అది జరిగింది. 2013 జనవరిలో ఫియెస్టా బౌల్‌లో మళ్ళీ జరిగింది. ఒరెగాన్ కిక్‌ను అడ్డుకున్న కాన్సస్ స్టేట్ ఆటగాళ్ళు బంతిని తమ ఎండ్ జోన్‌లోకి తామే తీసుకుపోయి అక్కడ దొరికిపోయారు. తమరి లెక్క ప్రకారం ఇంకొక విడ్డూరం కూడా సాధ్యమే. టచ్‌డౌన్ చేసి ఆ ప్రయత్నానికి మూడు గజాల గీత దగ్గర బంతి అందుకున్న జట్టు ఏ పిచ్చి పుట్టో 97 గజాలు వెనక్కి పరుగెత్తి తన ఎండ్ జోన్‌లో పడిపోతే, అంతదాకా సున్నా మీద ఉన్న ఎదుటి జట్టు ఖాతాలో ఒక పాయింటు పడుతుంది. వచ్చే వసంతంలో తమవారు కూర్చుని ఏ నిబంధన కొట్టివేసినా, ఏది చేర్చినా నాకు అభ్యంతరం లేదు. దీనిని మాత్రం కదిలించవద్దని వారికి చెప్పండి. ఒక శుక్రవారం రాత్రి పదిహేనేళ్ళ కుర్రవాడెవడైనా దిక్కు తెలియక వెనక్కి తిరిగి పరుగు అందుకుంటే, అతని వెంట 97 గజాలూ నేను పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నాను, ఆ సైగ ఎలా చేయాలో కూడా చదివి పెట్టుకున్నాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
మామూలు శుక్రవారాలలో రీప్లే లేని అఫీషియల్