సోలో వాయించే పిల్ల వెనక కూర్చునేదెవరు?

మా మేనకోడలు మొదటిసారి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించిన ఆదివారం, ఎత్తుగడలోనే తప్పింది. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఏ మైనర్ వయొలిన్ కాన్చెర్టో, మొదటి భాగం. ముందు బృందమంతా వాయిస్తుంది, ఆ తర్వాత సోలో అందుకోవాలి. ఇంట్లో ఆరు నెలల పాటు ఫోన్‌లో బృందం రికార్డు చేసిన ట్రాక్ పెట్టుకుని సాధన చేసింది. ట్రాక్ ఎప్పుడూ ఒకే వేగంతో పోతుంది. ఇక్కడేమో సికింద్రాబాద్‌లో ఒక చర్చి హాల్లో, ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగిరిపోకుండా బట్టల క్లిప్పులు పెట్టుకుని కూర్చున్న పదహారు మంది మనుషులు. తమ వంతు ముగించేటప్పుడు వాళ్లు ఒక్క పిసరు నెమ్మదించారు. తను ఆగలేదు, ముందే దూకేసింది. దూకిన మరుక్షణం తనకే తెలిసింది. కమాను తీగ మీద అలాగే ఉండిపోయింది, మొహం ఎర్రబడింది.

మొదటి వరసలో చెల్లో, అంటే కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, వాయించే ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, చర్చి క్వాయర్‌లో పెరిగిన మనిషి. కమాను ఒళ్లో పెట్టుకుని, "తొందరెందుకమ్మా? మేమంతా నీ కోసమేగా కూర్చున్నాం. మమ్మల్ని చూసుకుంటూ రా" అన్నారు. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పిల్ల నోట్స్ మీద నుంచి కళ్లెత్తి ఆయన కమాను వైపు చూసింది. సరిగ్గా అందుకుంది.

ఈ వ్యాసం రాయాలని నాకు అనిపించింది ఆయన మాట వల్లే. హైదరాబాద్‌లో పాశ్చాత్య సంగీతం నేర్చుకునే పిల్లలకు కొదవ లేదు. మారేడ్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ప్రతి కాలనీలో పియానో, వయొలిన్, గిటార్ క్లాసులున్నాయి. లండన్ సంస్థలైన ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం వాళ్ల గ్రేడ్ పరీక్షలు ఒకటి నుంచి ఎనిమిది దాకా రాస్తున్నారు. 2020 నుంచి వీడియో తీసి పంపితే సరిపోయే పరీక్షలు కూడా వచ్చాయి. పిల్ల గదిలో తలుపేసుకుని నేర్చుకుంటుంది, గదిలోనే పరీక్ష రాస్తుంది, సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి అదే గదిలో తగిలిస్తాం. ఎనిమిది గ్రేడ్లు పూర్తిచేసి, జీవితంలో ఒక్కసారైనా పది మందితో కలిసి వాయించని పిల్లలు నాకు తెలుసు. మంచి వేళ్లు, మంచి స్వరజ్ఞానం. పక్కన మరో మనిషి ఊపిరి తీసుకునే చప్పుడు వింటూ వాయించడం మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

కాన్చెర్టో పని అక్కడే మొదలవుతుంది. ఒక వాద్యం ముందు నిలబడుతుంది. బృందం కాసేపు దానికి తోడు వెళుతుంది, కాసేపు ఎదురు నిలుస్తుంది. మామూలుగా మూడు భాగాలు: మొదట వేగం, తర్వాత విలంబం, మళ్లీ వేగం. సోలో కష్టంగా ఉంటుందనేది అందరూ చూసేదే. పక్కకు తప్పుకోవడం ఇంకా కష్టం. తన వంతు అయిపోయాక వయొలిన్ దించి, ఇతరుల వంతును శ్రద్ధగా వింటూ, ఆ వేగం లోపలికి తీసుకుని, సరైన చోట తిరిగి రావడం పద్నాలుగేళ్ల పిల్లకు ట్రాక్ నేర్పలేదు. ట్రాక్‌కి చెవులుండవు కదా.

దీన్ని విదేశీ వ్యవహారం అనుకునేవాళ్లకు ఒక మాట. చిన్నవాళ్లను ముందు కూర్చోబెట్టి పెద్దవాళ్లు పక్కవాద్యం వాయించడం మనకు కొత్తా? మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్లకే విజయవాడలో త్యాగరాజ ఆరాధనలో పూర్తి కచేరీ చేశారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడ ఆరాధనోత్సవంలో వేదిక ఎక్కేనాటికి తొమ్మిదేళ్లవాడు. మన కచేరీ పద్ధతిలో పిల్లవాడు పాడితే మృదంగం మీద తన తండ్రి వయసు మనిషి కూర్చుంటాడు. పిల్లవాడు తాళం జారితే ఒక గట్టి దెబ్బతో సమం చూపిస్తాడు, సభకు తెలియనివ్వడు. మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం వచ్చేదాకా తన విద్యనంతా దాచుకుని, ఆ పిల్లవాడిని మోస్తాడు. ఆ చెల్లో ఆయన చేసింది అదే. ఆయనకు మృదంగం తెలియదు, బాఖ్ తెలుసు, అంతే తేడా.

ఆ మాటకొస్తే వయొలిన్ కూడా పడవెక్కి వచ్చిన వాద్యమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దాన్ని నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. గదిలో నిలబడి వాయించేదాన్ని మనం నేల మీద కూర్చుని, తల భాగం పాదం మీద ఆనించి వాయించేలా మార్చుకున్నాం. శ్రుతి కూడా మన సంగీతానికి తగ్గట్టు స, ప, స, ప చేసుకున్నాం. విజయనగరంలో పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌తోనే సోలో కచేరీలు చేసి సభలు నింపారు. ఇంత చేసుకున్నవాళ్లం, ఆ వాద్యం పుట్టిన చోట పిల్లలను ఎలా తయారుచేశారో కూడా చూడాలి.

అక్కడి కథ నాకు చాలా ఇష్టం. ఇటలీ స్వరకర్త వివాల్డి 1703లో వెనిస్‌లో ఒక అనాథాశ్రమంలో వయొలిన్ గురువుగా చేరాడు. ఓస్పెదాలె దెల్లా పియెటా అని దాని పేరు. కన్నవాళ్లు వదిలేసి వెళ్లిన ఆడపిల్లలు అక్కడ పెరిగేవాళ్లు. వాళ్లే బృందం, వాళ్లలోంచే సోలో వాయించేవాళ్లు. వివాల్డి రాసిన సుమారు 500 కాన్చెర్టోలలో ఎన్నో ఆ పిల్లల చేతుల కోసం పుట్టినవే. వాళ్లు జాలీ తెర వెనక నుంచి వాయిస్తుంటే వినడానికి యూరప్ నలుమూలల నుంచి జనం వచ్చేవారు. అనా మరియా అనే పిల్ల పేరు అప్పట్లో వెనిస్ దాటి వినిపించింది. ఈ రోజు మన పిల్లలు గ్రేడ్ పరీక్షల కోసం భయంభయంగా వాయించే రచనల పుట్టుక అలాంటి చోట. ఊళ్లో పెద్దలు, వర్తకులు డబ్బిచ్చి నడిపిన సంస్థలో, ఎవరూ లేని పిల్లల మధ్య.

బాఖ్ సంగతీ అంతే. 1729 నుంచి లైప్‌జిగ్‌లో కొలీజియం మ్యూజికం అనే బృందాన్ని ఆయన నడిపించాడు. అందులో ఎక్కువమంది యూనివర్సిటీ విద్యార్థులు. వారం వారం వాయించింది జిమ్మర్‌మన్ అనే ఆయన కాఫీ హోటల్లో. కాన్చెర్టో అనగానే మనకు సూట్లు, పెద్ద హాళ్లు, టికెట్లు కళ్ల ముందు మెదులుతాయి గానీ, కాఫీ తాగుతూ విన్న సంగీతం అది.

ఇక 1844లో లండన్. యోసెఫ్ యోకిమ్ అనే పన్నెండేళ్ల కుర్రవాడు మెండెల్‌సన్ కండక్ట్ చేస్తుండగా బెథోవెన్ వయొలిన్ కాన్చెర్టో వాయించాడు. 1806లో మొదటిసారి వినిపించాక ఎవరూ పెద్దగా పట్టించుకోని రచన అది. ఆ కుర్రవాడి తర్వాతే ప్రపంచం దాన్ని నెత్తిన పెట్టుకుంది. ఇదంతా చెబుతున్నది బాలమేధావుల కోసం వెతకమని కాదు. అలాంటివాళ్లు ఎక్కడున్నా బయటపడతారు. నా బెంగంతా మామూలు పిల్లల గురించే. వారానికి రెండు క్లాసులు, రోజుకు గంట సాధన, మధ్యలో స్కూలు, హోంవర్కు ఉన్న పిల్లల గురించి.

అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలను చూడండి. అక్కడ చాలా ప్రభుత్వ స్కూళ్లలో నాలుగో తరగతి, ఐదో తరగతి నుంచే వయొలిన్ చేతికిచ్చి బృందంలో కూర్చోబెడతారు. చిన్న చిన్న ఊళ్లలో కూడా ఔత్సాహికుల ఆర్కెస్ట్రా ఒకటి ఉంటుంది. దంతవైద్యుడు, లెక్కల టీచరు, పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ, అంతా రోజు పని ముగించుకుని వచ్చి వాయించేవాళ్లే. వాటిలో చాలా బృందాలు ఏటా పిల్లలకు పోటీ పెడతాయి. గెలిచిన పిల్లకు ఆ బృందంతో సోలో వాయించే అవకాశం ఇస్తాయి. కూకట్‌పల్లిలో అమ్మమ్మ తాతయ్య ఆ వీడియో చూసి మురిసిపోతారు. ఆ వీడియోలో వాళ్లు గమనించని మనుషులు వెనక కూర్చున్న ఆ యాభై మంది.

మన దేశంలో ముంబైలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006లో మొదలైంది. అది వృత్తి కళాకారుల బృందం, అందులోనూ చాలామంది బయటి దేశాల నుంచి వచ్చి వాయిస్తారు. కోల్‌కతాలో సంగీత పాఠశాల 1915 నుంచి ఉంది. చెన్నైలో ఎ.ఆర్.రెహమాన్ 2008లో పెట్టిన సంస్థ, డబ్బులేని ఇళ్ల పిల్లలకు ఉచితంగా నేర్పి సన్‌షైన్ ఆర్కెస్ట్రాను తయారుచేసింది. హైదరాబాద్‌లో వెస్టర్న్ మ్యూజిక్ ఫౌండేషన్ బయటి కళాకారులను రప్పించి మంచి కచేరీలు వినిపిస్తోంది. వినడానికి దారి ఉంది. వాయించడానికి కుర్చీలే తక్కువ. ఏటా ఎన్నో సినిమాలకు నేపథ్య సంగీతం చేసుకునే ఊరు మనది. అయినా తీగవాద్యాల కోసం చెన్నైకో, ఒక్కోసారి బుడాపెస్ట్‌కో వెళ్లే పరిస్థితి ఉంది.

ఎందుకిలా? డబ్బు ఒక కారణమే, అయితే అదే పెద్ద కారణం అనుకోను. ఈ ఊళ్లో డబ్బుంది. అసలు దెబ్బ తొమ్మిదో తరగతిలో పడుతుంది. ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్ మొదలవగానే సాయంత్రాలు పోతాయి, ఆదివారం కూడా టెస్టుకు పోతుంది. సరిగ్గా అదే వయసులో పిల్ల చేతికి కాన్చెర్టో వాయించే సత్తువ వస్తుంది. అప్పుడే వయొలిన్ పెట్టె అటకెక్కుతుంది. తల్లిదండ్రులను తప్పుబట్టలేను. "ఇంకా ఎందుకు వాయించాలి?" అని పిల్ల అడిగితే మన దగ్గర జవాబు లేదు. మరో గ్రేడ్ కోసం అనే జవాబు ఆ వయసుకు చాలదు. నవంబర్ కచేరీలో నీ వెనక పదహారు మంది ఉంటారు, వాళ్లు నీ కోసం వారం వారం వస్తున్నారు అంటే, అదొక జవాబు. మా మేనకోడలు మానకుండా నిలబడింది దాని వల్లే.

రెండో కారణం వాద్యాలు. వయొలిన్ వాయించేవాళ్లు దొరుకుతారు. వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వియోలా కావాలంటే వెతకాలి, ఓబో, బసూన్ లాంటి గాలివాద్యాల గురించి చెప్పక్కర్లేదు. దీనికి నా దగ్గరున్న ఉపాయం చిన్నది. తీగవాద్యాలు మాత్రమే ఉన్న రచనలతో మొదలుపెట్టడం. బాఖ్ ఏ మైనర్, వివాల్డి ఏ మైనర్, ఇద్దరు పిల్లలు పక్కపక్కన నిలబడి వాయించే బాఖ్ డబుల్ కాన్చెర్టో, వీటికి గాలివాద్యాలే అక్కర్లేదు, ఒక కీబోర్డు చాలు. మోజార్ట్ తన పందొమ్మిదో ఏట, 1775లో రాసిన జీ మేజర్ కాన్చెర్టోకైనా రెండు ఓబోలు, రెండు హార్న్‌లు ఉంటే సరిపోతుంది. విలంబ భాగంలో ఓబోల బదులు ఫ్లూట్లే వాయిస్తాయి. ఇక గాలివాద్యాలంటే మన పెళ్లి బ్యాండ్లను మరిచిపోతున్నాం. కంటోన్మెంట్ ఉన్న ఊరు మనది, క్లారినెట్, ట్రంపెట్ పట్టుకుని తరాలు బతికిన ఇళ్లున్నాయి. వాళ్ల పిల్లలకు నోట్స్ చదవడం నేర్పితే హార్న్ కోసం ముంబై ఫోన్ చేయాల్సిన అవసరం తగ్గుతుంది. సికింద్రాబాద్‌లో భక్త రామదాసు సంగీత కళాశాల, రామ్‌కోఠిలో త్యాగరాజ సంగీత కళాశాల ఉన్నాయి. ఆదివారం ఒక హాలు తెరిచిపెడితే హాలు అద్దె బెడద కూడా పోతుంది. సంగీతానికి కట్టిన గోడలే కదా అవి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. మూడేళ్ల క్రితం ఒక సంస్థ వాళ్లు మాకు ఫోన్ చేశారు. ఇంత కడితే ఆర్కెస్ట్రాతో సోలో, షీల్డ్, వీడియో అన్నారు. ఆశపడి కట్టాం. రిహార్సల్ అంటూ ఏదీ జరగలేదు. కచేరీ రోజు స్పీకర్లలో ట్రాక్ వచ్చింది, వెనక కూర్చున్నవాళ్లు కమాన్లు ఆడించారు. పిల్ల ఏడవలేదు, కారులో కూర్చుని "మావయ్యా, వాళ్లు వాయించలేదు కదా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. అందుకే సోలో అవకాశానికి పిల్లల దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎంపిక వినికిడి మీదే జరగాలి. వినేవాళ్లు వీపు తిప్పి కూర్చున్నా మంచిదే, ఎవరి పిల్లో తెలియదు. కనీసం ఆరు రిహార్సళ్లు ఉండాలి. పూర్తి కాన్చెర్టో అక్కర్లేదు, ఒక్క భాగం చాలు.

దీని వల్ల పెద్దవాళ్లకు వచ్చేది తక్కువేమీ కాదు. ఆ పదహారు మందిలో సగం మంది రిహార్సల్‌కు సాధన చేయకుండా వచ్చేవాళ్లని చెల్లో ఆయనే నాతో అన్నారు. పిల్ల వచ్చాక మారారట. పద్నాలుగేళ్ల పిల్ల అంతా కంఠస్థం చేసుకుని వచ్చి ఎదురుగా నిలబడితే, నలభై ఏళ్ల మనిషి తన పేజీలో తడబడటానికి మొహం చెల్లదు.

కచేరీ నవంబర్‌లో అయింది. రెండు చోట్ల అపశ్రుతి దొర్లింది, ఒకచోట బృందం పరుగెత్తింది, తనే పట్టి ఆపింది. నూట ఇరవై మంది విన్నారు. ఆ తర్వాతి ఆదివారం తను మళ్లీ రిహార్సల్‌కు వెళ్లింది. ఈసారి సోలో మరో అబ్బాయిది, పదకొండేళ్లవాడు, వివాల్డి వాయిస్తున్నాడు. బృందంలో వియోలా ఒక్కటే ఉందని తను ఒకటి అరువు తెచ్చుకుంది. దాని నోట్స్ వేరే గీతల్లో ఉంటాయి, వయొలిన్ చదివే కళ్లకు చప్పున అందవు. ఇప్పుడు ఫౌండేషన్ టెస్టు పుస్తకాల మధ్య కూర్చుని, పెన్సిల్‌తో ఒక్కో స్వరం కింద పేరు రాసుకుంటోంది.