ఇల్లరికం వచ్చిన ఇంజిను గారికి

హనుమకొండ నుంచి

మహారాజశ్రీ కామన్ రైల్ డీజిల్ ఇంజిను గారికి, టెంట్ హౌస్ వారు నమస్కరించి రాయునది.

మేము క్షేమం. మీ క్షేమం మాత్రం తెలియడం లేదు. ఎందుకంటే మీరు నోరు విప్పరు. ఒంట్లో బాగుండకపోతే డాష్‌బోర్డు మీద పసుపు లైటు ఒకటి వెలిగిస్తారు, అంతే. దాని అర్థం చెప్పడానికి ల్యాప్‌టాప్ పట్టుకుని ఒక పిల్లగాడు రావాలి. వచ్చినందుకు వాడికి డబ్బు, అర్థం చెప్పినందుకు వేరే డబ్బు.

మీకంటే ముందు మా మెటాడోర్‌లో ముప్పై ఏళ్లు కూర్చున్న పెద్దాయన, అదే మా పాత ఇంజిను, అలా కాదు. ఏం కష్టమొచ్చినా ఊరంతా వినేలా దగ్గేవాడు. నల్లపొగ వదిలితే గాలి ఆడటం లేదనో డీజిల్ చిమ్మే నాజిల్ పాడైందనో తెలిసేది. నీలిపొగ వదిలితే ఆయిలు తాగుతున్నట్టు. బ్యాటరీ చచ్చిపోతే నలుగురం తోసి, సెకండ్ గేరులో క్లచ్ వదిలితే లేచి కూర్చునేవాడు. ఆపాలంటే స్టాప్ కేబుల్ లాగడమే. కరెంటుతో ఆయనకు పని పడేది సెల్ఫ్‌కీ హీటర్ ప్లగ్గులకీ. ఇలా ఎన్ని పెళ్లిళ్ల షామియానాలు, డేగిశాలు మోశాడో ఆయనకే తెలియదు.

ఆయన సిలిండర్లు అరిగి రెండోసారి బోర్‌కు వచ్చాక నాకు బుద్ధి మందగించింది. కబాడీలో, అంటే పాత ఇనుప సామాను దుకాణంలో, యాక్సిడెంట్ బండి నుంచి ఊడదీసిన మిమ్మల్ని చూశాను. 2.2 లీటర్లు, టర్బో, 120 గుర్రాల (హార్స్ పవర్) బలం. పెద్దాయనవి యాభై కూడా ఉండవు, అవీ వయసులో ఉన్నప్పటి లెక్క. "తాడు కట్టి దింపుడే, నాలుగు బోల్టులు బిగించుడే" అన్నాడు మా మేస్త్రీ. ఆ నాలుగు బోల్టుల కోసం నాలుగు నెలలు తిరిగాను.

బాపు మాత్రం మిమ్మల్ని చూసి ఒక్కటే అడిగాడు: "గీ అల్లునికి మన ఇల్లు సరిపోతదా బిడ్డా?"

సరిపోలేదు. ముందు మీరు పాత గేర్ బాక్స్ పొత్తు కుదరదన్నారు. మీకూ దానికీ మధ్య ఒక ఇనుప పలక కోయించాం. లేత్ మీద వెంట్రుకవాసి తేడా వచ్చింది. ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ వారం రోజుల్లో గోల పెట్టింది. చివరికి మీ సొంత గేర్ బాక్సునే తెప్పించుకున్నారు. అది పొడుగు, కాబట్టి గేర్ బాక్స్ నుంచి చక్రాలకు వెళ్లే మా షాఫ్ట్ కోయాలి. మీకు ఉక్కపోత, కాబట్టి పెద్ద రేడియేటర్. టర్బో గాలిని చల్లబరచడానికి ముందర ఇంటర్‌కూలర్. అది పట్టడానికి మా వ్యాన్ మూతిని కోశాం. నేను పుట్టక ముందు నుంచీ ఉన్న మూతి అది.

తర్వాత భోజనం సంగతి. పెద్దాయన నాజిల్ 125 బార్ ప్రెషర్ దగ్గర్లో తెరుచుకునేది. మీ రైలులో, అంటే మీ ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టంలో, ప్రెషర్ 1600 బార్. (కారు టైరులో ఉండే గాలి రెండు బార్ల చిల్లర, పోల్చుకోవడానికి చెబుతున్నా.) అంత ప్రెషర్‌లో సూది మొనంత తుప్పు కూడా మీ ఇంజెక్టర్‌కు పడదట. మా ట్యాంకులో ముప్పై ఏళ్ల తుప్పు ఉంది. మేడారం వెళ్లే భక్తులు సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం ఇస్తారు. బంగారమంటే బెల్లమే, వాళ్లు దాంతోనే సంతోషిస్తారు. మీకు ఒక్క ఇంజెక్టర్ మార్చడానికి అసలు బంగారం కుదువపెట్టాల్సి వచ్చింది, మా ఆవిడది.

తాళంచెవి కూడా మీదే కావాలన్నారు. అందులో చిప్పు ఉంటుందట, అది కనబడితే తప్ప మీ కంప్యూటరు మిమ్మల్ని లేవనివ్వదట. యాక్సిలరేటర్ పెడల్ కూడా మీ పుట్టింటిదే రావాలి, ఎందుకంటే మీకు కేబుల్ లాగితే అర్థం కాదు, వైరులో చెప్పాలి. ఇల్లరికపు అల్లుళ్లను చాలామందిని చూశాను. పెడల్ తెచ్చుకున్న అల్లుడు మీరే.

మొదటి ట్రయల్ ములుగు రోడ్డు మీద. మల్లంపల్లి దాకా మీరు నిజంగానే గుర్రాలే, అబద్ధం ఎందుకు చెప్పాలి. బండి అంత వేగం పోగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆగగలదో లేదో మాత్రం తెలియలేదు, బ్రేకులు పెద్దాయన కాలంవే కదా. గట్టమ్మ గుడి దగ్గర ఎత్తు ఎక్కుతుంటే పసుపు లైటు వెలిగింది. 120 గుర్రాల్లో వంద దిగి వెళ్లిపోయాయి. వెనక బస్సులు హారన్లు. కొబ్బరికాయలు అమ్మే అవ్వ నింపాదిగా అంది: "కాయ కొట్టకుంట ఎట్ల పోతవ్ బిడ్డా?" కొట్టాను. లైటు ఆరలేదు. ఫిల్టర్‌లో తుప్పు చేరిందని సాయంత్రం ల్యాప్‌టాప్ పిల్లగాడు చెప్పాడు.

అయినా సర్దుకుపోయేవాళ్లమే. ఆర్సీ రెన్యూవల్ వచ్చి పడింది. సొంత వాడకం కింద రిజిస్టరైన బండికి పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి తప్పదు. ఆర్సీలో ఉన్నది పెద్దాయన నంబరు. అప్పుడు తెలిసింది, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చేసినదానికీ ఆర్సీలో రాసినదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో శిక్ష కూడా చేర్చారు: ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. "ఒక్కో మార్పుకు" అనగానే బాపు వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ అయిపోయాక లేచి చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

ముందే చదవాల్సిన మాట చివర చదివినందుకు మిమ్మల్ని అనడం న్యాయం కాదు. మీరు చెడ్డవారని కూడా అనను. మిమ్మల్ని కన్న బండిలో మీరు బంగారమే.

పెద్దాయనను మళ్లీ బిగించాం. డీజిల్ పంపు సామాను కోసం ఎక్కడెక్కడో వెతికితే దొరికింది. బానెట్ కింద ఇప్పుడు చాలా ఖాళీ ఉంది, చేయి పెట్టి గిన్నె కడగొచ్చు. మీ కోసం కొన్న రేడియేటర్ ఆయనకే ఉంచాం. ఎండాకాలంలో కూడా వేడెక్కడం లేదు. ఆయనకు బాగా నచ్చినట్టుంది.

ఇట్లు,
మీ మాజీ అత్తింటివారు

తా.క.: మీ వైరింగ్ కిట్టును షెడ్డులో ఎలుకలు రెండు చోట్ల కొరికాయి. మిమ్మల్ని కొనడానికి శనివారం ఒకాయన వస్తున్నాడు, ఆయన దగ్గర ఇంకా పాత వ్యాన్ ఉందట. తాళంచెవి మర్చిపోకుండా ఇచ్చి పంపుతాను.